రెక్కలకు సర్టిఫికెట్

హనుమకొండ,
ఫిబ్రవరి 11.

చిరంజీవి మరదలు యమునకు,

బావ వీరభద్రం ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేనూ మీ అక్కా క్షేమం. నీ చెవులు సమ్మెకు దిగినప్పటి నుంచి మనకు ఫోను పనికిరాకుండా పోయింది. నేను ఇక్కడ అరిస్తే విశాఖపట్నంలో నీకు వినపడదు గానీ మా వాడకట్టు మొత్తానికీ మన ఇంటి సంగతులు వినపడుతున్నాయి. ఇక మెసేజీలంటావా, నా వేలు ఒక అక్షరం మీద పెడితే నాలుగు పడతాయి. అందుకే ఉత్తరం.

అసలు సంగతికి వస్తాను. ఇన్నేళ్లు వరంగల్ చౌరస్తాలో స్టీలు సామాన్ల దుకాణం నడిపిన మనిషి, దాన్ని కొడుక్కి అప్పజెప్పాక ఏం చేస్తాడు? టీవీ ముందు కూర్చుని భార్యతో మాటలు పడతాడని నువ్వు అనుకుంటావు. నేను పరిశోధనలోకి దిగాను. పాత సైనిక రెక్కల బ్యాడ్జీల మీద. యుద్ధ విమానం నడిపేవాళ్ల చొక్కా మీద చూసి ఉంటావు, రెండు రెక్కలు చాపి, నడుమ కిరీటమో మరో గుర్తో ఉంటుంది, దారంతో కుట్టి. అవే. వాటిని దేశదేశాల వాళ్లు వెతికి కొంటున్నారు. కొనేవాళ్లు పెరిగేసరికి నకిలీలు పుట్టలు పుట్టలుగా పుట్టాయి. అసలేదో నకిలీ ఏదో చెప్పగలిగిన మనిషి మన జిల్లాలో నిన్నటిదాకా లేడు. ఇప్పుడున్నాడు. ఆయనే నీకు ఉత్తరం రాస్తున్నాడు.

దీనికి పెద్ద విద్యే ఉంది. దారం చూడాలి. వెనక కుట్టు చూడాలి. కిరీటం చూడాలి. ఇంగ్లండు రాజు కాలపు కిరీటమైతే బోర్లించిన గిన్నెలా గుండ్రంగా ఉంటుంది. రాణి కాలపుదైతే నడుమ సొట్ట పడ్డట్టు ఉంటుంది. గిన్నెలు, సొట్టలు నాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తాయి? అన్నిటికీ మించి యూవీ లైటు తెప్పించాను. చిన్న టార్చి. చీకటి గదిలో దాన్ని వేస్తే పాత దారం చప్పగా ఉండిపోతుంది. ఈ కాలపు దారమైతే నీలంగా భగ్గుమంటుంది. మెరిస్తే నకిలీ, మెరవకపోతే అసలు. అంతే శాస్త్రం. నువ్వు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి ఆడపిల్లలను నిద్రపుచ్చినన్ని ఏళ్లు నాకు పట్టలేదు. వీడియోలు చూసి నేర్చుకున్నాను.

మరో ఇద్దరు మిత్రులతో కలిసి 'ఓరుగల్లు సైనిక చిహ్నాల పరిశోధనా మండలి' పెట్టాను. అధ్యక్షుణ్ణి నేనే. పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తున్నాం. స్టాంపు చేయించాను, గుండ్రంగా, మధ్యలో తోరణం. నా సొంత బ్యాడ్జీ ఫోటో ఒకటి దీంతో పంపుతున్నాను. వెయ్యిన్నీ తొమ్మిదివందల నలభై నాలుగులో బర్మా యుద్ధంలో ఎగిరిన పైలట్‌ది. లైటు వేస్తే కిక్కురుమనదు. మొదటి సర్టిఫికెట్ దానికే ఇచ్చాను.

ఇట్లు,
నీ బావ,
వీరభద్రం.

యమునా, నేను సుకన్యను. ఆ లైటు వచ్చినప్పటి సంది ఇంట్ల బల్బులు బంద్ చేసుకుంట తిరుగుతాండు. మొన్న గడప తట్టుకొని నా మీదనే పడ్డడు. నా పెండ్లి చీర బయటికి తీసి లైటేసి, అటు తిప్పి ఇటు తిప్పి 'ఇది అసలుదే' అన్నడు. ఇన్నొద్దులకు తేలింది పాపం.


విశాఖపట్నం,
ఫిబ్రవరి 23.

మహారాజశ్రీ పరిశోధనా మండలి అధ్యక్షులవారికి,

మరదలు యమున నమస్కారాలు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వడానికి, రెండోసారి మా పక్కింటావిడకు వినిపించడానికి.

నాకు మీ దుకాణం జ్ఞాపకం ఉంది బావా. ఎవరైనా గిన్నె ఎత్తి చూసి 'ఇది మంచి స్టీలేనా' అంటే మీరు గల్లా పెట్టెలోంచి అయస్కాంతం తీసేవారు. అంటుకుంటే 'చూసిన్రా, ఎట్ల పట్టిందో, గట్టి సరుకు' అనేవారు. అంటుకోకపోతే 'చూసిన్రా, పట్టలే, అసలు స్టీలు' అనేవారు. ఆ రోజులతో పోలిస్తే మీరు బాగుపడ్డట్టే లెక్క. ఇప్పుడు కొన్నింటినైనా నకిలీ అంటున్నారు.

ఒక్క మాట మాత్రం నవ్వకుండా చెబుతున్నాను. ఏది మెరుస్తుందో మీ లైటు చూపిస్తుంది. ఎందుకు మెరుస్తుందో చూపించదు. అది మనిషి కనుక్కోవాలి. వీడియోలో ఆ ముక్క రాలేదేమో.

మీ బర్మా పైలట్ ఫోటో భూతద్దం కింద పెట్టుకున్నాను. ఇంకా చూస్తున్నాను. అక్కకు చెప్పండి, పెళ్లి చీరకు స్టాంపు కూడా కొట్టించుకోమని.

యమున.


హనుమకొండ,
ఏప్రిల్ 22.

చి. యమునకు,

నీ ఎగతాళికి జవాబు రాసే తీరిక లేకపోయింది. మండలి తరఫున మొన్న ఆదివారం ఇక్కడ ఒక ఫంక్షన్ హాలులో ప్రదర్శన పెట్టాం. నువ్వు ఉండవలసింది. ఫ్లెక్సీ మీద నా ఫోటో, కోటు వేసుకుని, చేతిలో భూతద్దంతో. జనం ఎగబడ్డారు. ఏసీ హాలు కాబట్టి ఎండకు తట్టుకోలేక వచ్చారని మీ అక్క అంటుంది. ఆమె మాట పట్టించుకోకు.

ఎవరి దగ్గరున్న బ్యాడ్జీ వాళ్లు తెచ్చారు. లైట్లు ఆర్పించి, ఒక్కొక్కటే పరీక్షించి, మైకులో ఫలితం ప్రకటించాను. నాటకం కన్నా రంజుగా ఉందన్నారు అందరూ. దాదాపు అన్నీ నకిలీలే. ఒక రిటైర్డ్ ఇంజనీరు గారి ముఖం చూడాల్సింది, నల్లగా మాడిపోయింది. స్టేషన్ ఘన్‌పూర్ పక్క ఊరి నుంచి ఒక ముసలామె కూడా గుడ్డలో చుట్టుకుని ఒకటి తెచ్చింది. తెల్లదారంతో గొడుగు బొమ్మ, దానికి రెక్కలు. విమానంలోంచి పారాచూట్‌తో దూకే సిపాయిలది. డెబ్బై ఒకటి యుద్ధం నాటిదట. లైటు వేశానో లేదో ఆ గొడుగు దీపావళి మతాబులా వెలిగింది. హాలంతా ఈలలు. 'నకిలీ' అని ప్రకటించాను. ఆమె ఏదో అన్నది గానీ, మైకు నా చేతిలో ఉంది కదా, వినపడలేదు.

అడిగిందని సర్టిఫికెట్ కూడా రాసిచ్చాను, నకిలీ అని, స్టాంపు వేసి. శాస్త్రానికి మొహమాటం ఉండకూడదు.

నీ బావ,
వీరభద్రం.

యమునా, ఆమె ఏమన్నదో నేను పక్కనే ఉన్న, విన్న. ఆమె పేరు సమ్మమ్మ. 'అయ్యా, గిది నా పెనిమిటి అంగిది. కుట్లు ఇప్పి నేనే తెచ్చిన. దుకాన్ల కొన్నది కాదు' అన్నది. ఈయన 'అందరు గట్లనే అంటరమ్మా' అన్నడు. జనం పకపక నవ్విన్రు. ఆమె బ్యాడ్జి మల్ల గుడ్డల చుట్టుకొని బయటికి నడిచింది. నేను బస్టాండు దాక తోలిచ్చి వచ్చిన. తొవ్వల చెప్పింది. మొగడు కుమారస్వామి చానేండ్ల కింద పోయిండట. ఊళ్ళె బడిల ఆయన పేరు మీద పుస్తకాల గది పెడుతాన్రట. 'వాడు మిలిట్రీల వంటోడు, దుంకినోడు కాదు' అని ఊళ్ళె కొందరు అడ్డం పడుతాన్రట. అందుకే హెడ్‌మేడం 'హనుమకొండల తెలిసిన పెద్దమనిషి ఉన్నడట, కాగితం రాయించుక రా' అని పంపింది. మన పెద్దమనిషి రాసిచ్చిండు.


విశాఖపట్నం,
మే 3.

బావా,

ఈసారి బిరుదులు లేవు. అక్క రాసింది చదివాక నాకు హాస్యం రావడం లేదు. వచ్చినా అది మీకు నచ్చే రకం కాదు.

ఆ సమ్మమ్మను మీరు ఒక్క ప్రశ్న అడిగారా? 'అమ్మా, ఈ అంగిని ఉతికావా? దేనితో ఉతికావు?' అడగలేదు. మైకు మీ చేతిలో ఉంది కదా.

ఇప్పుడు వచ్చే సబ్బుపొడుల్లో తెల్లబట్ట మిలమిల మెరవడానికి ఒక మందు కలుపుతారు. అది బట్టకు పట్టుకుని ఉండిపోతుంది. దారం ఎంత పాతదైనా సరే, ఆ పొడితో ఉతికితే మీ లైటు కింద భగ్గుమంటుంది. కొత్త దారమే మెరవాలన్న నియమం లేదు. ఉతికిన పాత దారం కూడా మెరుస్తుంది. నేను చెబితే నమ్మరు కాబట్టి మీరే చేసి చూడండి. మీ నాన్నగారి కాశిబుగ్గ నేత పంచె ఒకటి పెట్టె అడుగున ఉంది, ఆయన పోయాక ఎవరూ ముట్టుకోలేదు. దాని ఒక్క కొసను అక్క వాడే సబ్బుపొడి నీళ్లలో ఉతికి ఆరేయండి. ఆ తర్వాత గది చీకటి చేసి లైటు వేయండి. రెండు కొసలూ చూడండి.

మీ బర్మా పైలట్ సంగతి కూడా తేలింది. రాజు కిరీటం బోర్లించిన గిన్నె, రాణి కిరీటం సొట్ట గిన్నె అని మీరే రాశారు. మీ బ్యాడ్జీ మీద ఉన్నది సొట్ట గిన్నె. ఆ రాణి పట్టాభిషేకం యాభై మూడులో. మీ పైలట్ నలభై నాలుగులో బర్మా మీద ఎగురుతూ, తొమ్మిదేళ్లు ముందుకు వెళ్లి ఆ కిరీటం కుట్టించుకుని వెనక్కి వచ్చాడన్నమాట. నిజంగా గొప్ప పైలటే. గిన్నెల సొట్టలు మీకు తెలిసినంత ఎవరికీ తెలియవని కూడా రాశారు.

అంటే బావా, మెరవలేదని తప్పుడుదాన్ని అసలన్నారు. మెరిసిందని అసలుదాన్ని నకిలీ అన్నారు. ఏమీ తెలియనివాడు కళ్లు మూసుకుని బొమ్మాబొరుసూ వేసినా రెంటిలో ఒకటి సరిపోయేది.

యమున.


హనుమకొండ,
మే 16.

చి. యమునకు,

నీ ఉత్తరం అందింది. వంటింటి శాస్త్రం వేరు, సైనిక చిహ్నాల శాస్త్రం వేరు. సబ్బుపొడి గురించి నువ్వు చెప్పింది ఆలోచించదగ్గదే గానీ, అంతర్జాతీయ నిపుణుల అభిప్రాయం తెలుసుకోవలసి ఉంది. కిరీటం విషయంలో ఫోటో తీసిన కోణం వల్ల సొట్టలా కనిపించి ఉండవచ్చు.

ఎండలు మండిపోతున్నాయి. ఎనుమాముల మార్కెట్‌లో ఈసారి మిర్చి ఘాటుకు లారీల వాళ్లు కూడా తుమ్ముతున్నారట. కొత్త ఆవకాయ పంపుతున్నాను.

వీరభద్రం.

యమునా, ఈయన రాయనిది నేను రాస్తాన. పంచె కొస నువ్వు చెప్పినట్టే ఉతికిండు. తన చేతులతోని. పెండ్లయినప్పటి సంది ఈయన బట్ట ఉతుకుడు నేను చూసుడు అదే మొదలు. ఆరినంక బాత్రూంల దూరి తలుపేసుకున్నడు. ఎంతకూ రాడు. ఏమాయెనో అని నేను తలుపు కొట్టిన. తీసిండు. చీకట్ల మామయ్య పంచె పట్టుకొని నిలబడ్డడు. ఒక కొస నల్లగ, ఒక కొస నీలంగ ఎలుగుతాంది. ఒంటి మీది బనీను అంతకన్న ఎక్కువ ఎలుగుతాంది. నేను నవ్వబోయిన గని ఆయన మొఖం చూసి ఊకున్న. ఆ పూట అన్నం తినలే.

తెల్లారి మండలి వాట్సాప్ గ్రూపుల 'కొన్ని పరిస్థితులలో ఫలితములు మారవచ్చును' అని పెట్టిండు. ఆ గ్రూపుల ఉన్నదే ముగ్గురు. మిగిలిన ఇద్దరు దండం బొమ్మలు పెట్టిన్రు.


విశాఖపట్నం,
జూన్ 2.

బావా,

ఆవకాయ అందింది. అక్క చేసింది కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను, అసలుదే. స్టాంపు అక్కర్లేదు.

'కొన్ని పరిస్థితులలో ఫలితములు మారవచ్చును.' ఎంత బాగా రాశారు! తప్పు మీది కాదు, పరిస్థితులది. సమ్మమ్మది. ఆమె సబ్బుది. హాలు నిండా జనాన్ని కూర్చోబెట్టి మైకులో ఆమెను అబద్ధాలకోరును చేసి, ఆ మాటను ముగ్గురున్న గ్రూపులో గుసగుసగా వెనక్కి తీసుకున్నారు. అందులో ఒకరు మీరే.

మీరు చెడ్డవారు కారు బావా. అది నాకు తెలుసు. మా నాన్న దవాఖానలో ఉన్నప్పుడు దుకాణం మూసేసి రాత్రింబవళ్లు ఆయన మంచం పక్కన కూర్చున్న మనిషి మీరు. అందుకే ఇంత కటువుగా రాస్తున్నాను. వేరేవాళ్లయితే నవ్వి ఊరుకునేదాన్ని.

నిపుణుల అభిప్రాయం కోసం మీరు దేశాలు వెతకనక్కర్లేదు. ఆ అంగిని ఇన్నేళ్లు ఉతికిన మనిషి స్టేషన్ ఘన్‌పూర్ పక్కనే ఉంది. వెళ్లి అడగండి.

యమున.


హనుమకొండ,
జులై 9.

చి. యమునకు,

వెళ్లాను. మీ అక్కను కూడా తీసుకెళ్లాను. పుష్‌పుల్ రైలు దిగి, ఆటో ఎక్కి ఆ ఊరు చేరేసరికి వాన మొదలైంది. సమ్మమ్మ ఇల్లెక్కడ అని అడిగితే ఒక పెద్దమనిషి నన్ను ఎగాదిగా చూసి 'ఏ సమ్మమ్మ? నకిలీ సమ్మమ్మనా?' అన్నాడు. నేను వెనక్కి తిరిగి ఆటో ఉందేమోనని చూశాను. మీ అక్క నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది.

ఆమె అరుగు మీద కూర్చుని చిరిగిన విత్తనాల సంచి కుడుతున్నది. తలెత్తి చూసింది. ముందు మీ అక్కను గుర్తుపట్టింది, ఆ తర్వాత నన్ను.

"ఓ! నకిలీ సారా? రా, కూసో. మల్ల ఏం నకిలీ చెయ్యనీకి వచ్చినవు?"

నేను తెచ్చుకున్న ప్రసంగమంతా మరిచిపోయాను. "అమ్మా, ఆ అంగిని మీరు ఉతికేవారా?" అని అడిగాను.

"ఉతుకక? ఆయన పోయినంక గూడ ఏటా పంద్రాగస్టుకు సర్ఫుల నానబెట్టి, పిండి, గంజి పెట్టి దండెం మీద ఏస్త. ఆయన ఉన్నప్పుడు మాసిన అంగి ఏసుకునెటోడు కాదు. చచ్చిపోయిండని మాసిన అంగికి దండం పెట్టుకుంటనా?"

అప్పుడు విషయం చెప్పాను. మీరు సబ్బుతో ఉతకడం వల్లనే మెరిసిందమ్మా, నాకు తెలియక నకిలీ అన్నాను, తప్పు నాదే అని. ఆమె దారం కొరికి, సూదిని కొంగుకు గుచ్చుకుంది.

"అంటే, నేను అంగిని మంచిగ చూసుకున్నందుకు నకిలీది అయిందన్నట్టు" అన్నది.

 కొత్త సర్టిఫికెట్ రాసుకుని వెళ్లాను, అసలుదే అని, పెద్ద అక్షరాలతో. చాపాను. తీసుకోలేదు.

"గిదేంది?"

"అసలుదని రాసిచ్చానమ్మా. ఇది మీ హెడ్‌మేడం గారికి చూపిస్తే చాలు."

"నాకు చదువ రాదు. నువ్వు అప్పుడు మైకుల చెప్పినవు. ఇయ్యాల చెవుల చెప్తానవు. నువ్వు నకిలీ అన్నవని మాజీ సర్పంచి కట్టయ్య ఊరంత డప్పు కొట్టిండు. గది మీద రాసిన పేరు మీద సున్నం కొట్టిచ్చిండు. కలుపుకు పోతే ఆడోళ్ళు 'నకిలీ సమ్మమ్మ అచ్చింది, జరుగుండ్రి' అంటాన్రు. గీ కాగితం పట్టుకొని నేను ఇంటింటికి తిరుగాల్నా? పంద్రాగస్టుకు రా. జెండా ఎక్కిచ్చినంక మైకుల చెప్పు."

"నాకు ఆరోగ్యం జర..." అని మొదలుపెట్టాను.

"నీకు గొంతు మంచిగనే ఉన్నది సారూ. ఆనాడు విన్న గద" అన్నది.

ఛాయ్ ఇచ్చింది. తాగాను.  వెళ్లాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తున్నాను.

వీరభద్రం.

యమునా, ఆలోచించుడేం లేదు. వస్తనని ఆమె చేతిల నేను చెయ్యేసి వచ్చిన.


విశాఖపట్నం,
జులై 21.

బావా,

వెళ్లండి. ఫ్లెక్సీ మీది కోటు వేసుకోకండి. 'పరిస్థితులు' అనే మాట వాడకండి. మైకు పట్టుకోవడం మీకు వచ్చు. ఈసారి చెవులు కూడా తీసుకెళ్లండి. నావి పనిచేయవు గానీ లేకపోతే అరువిచ్చేదాన్ని.

మీ నాన్నగారి పంచె కూడా పట్టుకెళ్లండి. మాటలు నమ్మకపోతే కళ్లు నమ్ముతాయి.

యమున.


హనుమకొండ,
ఆగస్టు 18.

చి. యమునకు,

అయిపోయింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను. కోతలు కోస్తే మీ అక్క కింద రాస్తుందని తెలుసు.

జెండా ఎగరేసి, పిల్లలకు బూందీ పంచాక, హెడ్‌మేడం శ్రీలత గారు నా పేరు పిలిచారు. నిలబడ్డాను. ముందు వరుసలో కట్టయ్య, మీసం దువ్వుకుంటూ. వెనక పిల్లలు. ఒక పక్కన ఆడవాళ్ల మధ్య సమ్మమ్మ. నా పక్కన కుర్చీ మీద కుమారస్వామి అంగి, మడత నలగకుండా. బ్యాడ్జీని తిరిగి దాని మీద కుట్టేసింది ఆమె.

"నా పేరు వీరభద్రం. మీరంతా నకిలీ సారు అంటున్నారట. సరిగ్గానే పెట్టారు పేరు" అన్నాను. ఒకరిద్దరు నవ్వారు. "నాకు రాని విద్య వచ్చనుకుని, అడగవలసింది అడగకుండా, ఈ అమ్మ తెచ్చింది నకిలీ అని పదిమందిలో చెప్పాను. అది తప్పు. ఈ రెక్కలు అసలైనవి కావని చెప్పడానికి నా దగ్గర ఒక్క ఆధారం కూడా లేదు. అప్పుడూ లేదు. ఇవాళ కుట్టు చూశాను, అడుగున బట్ట చూశాను, అన్నీ ఆ కాలానివే. అవి ఆనాడే చూడవలసింది. లైటు చూసి మురిసిపోయి చూడలేదు. క్షమించండమ్మా."

నేను ఇంత పొట్టిగా మాట్లాడటం నువ్వు నమ్మవు.

కట్టయ్య కూర్చున్నచోటి నుంచే అందుకున్నాడు. "సరే సారూ, గుడ్డ అసలుదే అనుకుందాం. గని మనిషి వంటోడు గద? వంటోని పేరు బడికి పెడుతమా?"

నేను నోరు తెరిచేలోపు సమ్మమ్మ లేచింది. మైకు దగ్గరకు రాలేదు. ఆమెకు అవసరం లేదు.

"ఔ కట్టయ్యా, వంటోడే. నేను కాదన్ననా ఎన్నడన్న? ఆ పల్టన్ల వంటోడు గూడ దుంకాలె, గడ్డాలు గీసెటోడు గూడ దుంకాలె. అందరు దుంకి కిందికి పోయినంక వంటోడొక్కడు మీద కూసోని గంటె ఊపుతడా? దిగినోళ్ళకు ఆకలి కాదా? తుపాకి పట్టుకొని ఒకడు దుంకిండు, గిన్నె పట్టుకొని ఒకడు దుంకిండు. కిందకెల్లి కాల్చెటోనికి ఎవడు ఎవడో తెలుస్తదా?"

 ఎవడో పిల్లవాడు చప్పట్లు మొదలుపెట్టాడు. కాసేపటికి అవి ఆగేలా కనిపించలేదు. కట్టయ్య బూందీ పొట్లం విప్పుకుని అందులోకి చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత శ్రీలత గారు పిల్లలకు ఆ మెరుపు సంగతేమిటో చూపించమన్నారు. పుస్తకాల గదిలో కిటికీలకు దుప్పట్లు కట్టించారు. పట్టినంత మంది లోపలికి తోసుకుని వచ్చారు. నాన్న పంచె మడత విప్పి లైటు వేశాను. ఒక కొస చప్పగా, ఒక కొస నీలంగా. చెప్పవలసింది చెప్పబోతున్నాను. ఒక ఆడపిల్ల 'సార్ బనీను గూడ మెరుస్తాంది!' అని అరిచింది. అందరూ నా మెడ దగ్గర చూసి విరగబడి నవ్వారు. లైటు పిల్లల వైపు తిప్పాను. బడి చొక్కాలన్నీ ఒక్కసారే వెలిగాయి. శ్రీలత గారి చేతిరుమాలు వెలిగింది. కట్టయ్య ఖద్దరు పంచె అందరికన్నా ఎక్కువ వెలిగింది.

సమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అవ్వ! చూడుండ్రి, ఊరంత నకిలీలే!" అన్నది. ఆమె నవ్వడం నేను అప్పుడే చూశాను.

మర్నాడే సున్నం గీకి పేరు మళ్లీ రాయించారట. శ్రీలత గారు ఫోటో పంపారు. 'సిపాయి కుమారస్వామి పుస్తకాల గది' అని ఉంది. కింద 'వంట విభాగం' అని కూడా రాయించమన్నదట సమ్మమ్మ.

పరిశోధనా మండలి పని ప్రస్తుతానికి ఆపాను. బర్మా పైలట్‌ను అమ్మినవాడికి తిప్పి పంపాను, సొట్ట చూపిస్తూ ఉత్తరం రాసి. యూవీ లైటు వచ్చేటప్పుడు రైల్లో పోయింది. రద్దీలో ఎవరో కొట్టేసి ఉంటారు. పోతే పోయింది.

నీ బావ,
వీరభద్రం.

యమునా, లైటు ఎవ్వలు కొట్టెయ్యలే. అందరు బయటికి పోయినంక సమ్మమ్మ ఒక్కతే ఆ గదిల నిలబడ్డది. 'సారూ, ఆయన అంగి మీద ఇంకోపారి ఏయి' అన్నది. ఈయన ఏసిండు. చీకట్ల అంగి కనవడలే, కుర్చి కనవడలే. చిన్న తెల్ల గొడుగొక్కటే గాలిల నిలబడ్డట్టు కనవడ్డది. చానసేపు చూసింది. అటెన్క 'ఇంక దిగుతనే ఉన్నడు' అన్నది, మాకు కాదు, తనల తాను.

ఈయన ఆ లైటు ఆమె చేతిల పెట్టి, బొత్తాం ఎక్కడ ఒత్తాల్నో చూపెట్టిండు. సెల్లు ఎట్ల మార్చాల్నో గూడ చెప్పిండు. రైల్ల కూసున్నంక 'యమునకు రాయకు' అన్నడు. అందుకే రాస్తాన.